పందిరి కింద వేసవి: ఉత్తర తెలంగాణ క్రైస్తవ కుటుంబాల విడిది

విడిది అనే మాట తెలుగువారికి ముందుగా పెళ్లిళ్లనే గుర్తుకు తెస్తుంది. మగపెళ్లివారు దిగే ఇల్లు విడిది, జాతరకు వెళ్లినవారు బండ్లు విప్పుకొనే చెట్టునీడ విడిది, పూర్వం దండు దిగిన తోట కూడా విడిదే. వీటన్నింటిలోనూ పదిమంది కలిసి దిగడం, కలిసి వండుకోవడం, పని ముగిశాక కలిసి లేచిపోవడం అనే భావం ఉంది. ఆంగ్లేయుల పాలనలో ఊటీ, కొడైకెనాల్ వంటి కొండ ఊళ్లకు దొరల కుటుంబాలు ఎండలు ముదరగానే తరలిపోవడం మొదలైన తర్వాత, ఈ పాతమాటకు ముందు ఎండాకాలం వచ్చి చేరి 'వేసవి విడిది' అనే జంటపదం వాడుకలో స్థిరపడింది. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని క్రైస్తవ కుటుంబాలు సెలవుల్లో ఆరుబయట గడిపే రోజులను పరిశీలిస్తే, అవి దొరల విడిది కంటే పెళ్లివారి విడిదికే దగ్గరగా ఉన్నాయని తేలుతుంది. చల్లని చోటు వెతుక్కుంటూ ఒక్క కుటుంబం వేరుగా వెళ్లిపోవడం కాక, పది కుటుంబాలు ఒక పందిరి కింద చేరి ఒకే పొయ్యి మీద అన్నం వండుకోవడం ఇక్కడి పద్ధతిగా నిలిచింది.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు వేరుపడగా, పాత కరీంనగర్‌లోని అధికభాగం కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా విడిపోయింది. గోదావరికి రెండు వైపులా విస్తరించిన ఈ నేలలో క్రైస్తవులు సంఖ్యాపరంగా స్వల్పం. 2011 జనగణన ప్రకారం తెలంగాణ ప్రాంతం మొత్తంలోనే వారి వాటా సుమారు 1.3 శాతం. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో నిజాం రాజ్యంలోకి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీల కృషి వల్ల ఏర్పడిన సంఘాలు, 1947లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు అందులో కలిశాయి; కరీంనగర్ కేంద్రంగా 1978లో ప్రత్యేక అధ్యక్ష మండలం ఏర్పడింది. బిషప్ అధికార పరిధికి తెలుగు క్రైస్తవులు వాడే పేరు అధ్యక్ష మండలం. కతోలికులు దానినే మేత్రాసనం అంటారు. ఆదిలాబాద్ వైపు కేరళకు చెందిన సీరో మలబారు కతోలిక సంప్రదాయం మహారాష్ట్రలోని చాందా మీదుగా ప్రవేశించి, 1999లో మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ మేత్రాసనంగా రూపుదిద్దుకుంది. వీటికి తోడు బ్రదరెన్, బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలు, ఏ పెద్ద వ్యవస్థకూ చెందని చిన్న ప్రార్థన మందిరాలు పట్టణాల్లోనూ బొగ్గుగని కాలనీల్లోనూ కనిపిస్తాయి. సిద్ధాంతాల్లో వీటి మధ్య ఎన్ని తేడాలున్నా ఎండాకాలం విషయంలో మాత్రం అన్నింటి అనుభవం ఒక్కటే.

ఆ ఎండ సంగతి ముందుగా చెప్పుకోకపోతే మిగిలినదేదీ బోధపడదు. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల్లో మే నెల ఉష్ణోగ్రతలు 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఇక్కడ అతిశయోక్తిగా వినిపించదు. అడవికి వెళ్తే చల్లగా ఉంటుందన్న ఊహ కూడా ఈ ప్రాంతంలో నిలవదు. ఆదిలాబాద్ అడవి ప్రధానంగా టేకు అడవి, ఆకురాల్చే అడవి. ఏప్రిల్ నాటికి టేకు చెట్లు మోడులై, నేలంతా ఎండుటాకులు పరుచుకొని, నీడ కోసం మామిడి, చింత, నేరేడు, మర్రి వంటి చెట్లను వెతుక్కోవలసి వస్తుంది. 45 మీటర్ల ఎత్తు నుంచి కడెం నది దూకే కుంటాల జలపాతం వానాకాలపు చివర ఎంత గంభీరంగా ఉంటుందో, మే నెలలో అంత సన్నబడి బండల మధ్య తీగలా మిగులుతుంది. అందువల్ల ఇక్కడ ఆరుబయటి జీవితం తెల్లవారుజామున, పొద్దుగూకిన తర్వాత మాత్రమే సాధ్యం. మధ్యాహ్నం మనిషికీ పశువుకూ నీడపట్టున పడుకోవడమే పని. క్రైస్తవ కూటాల కార్యక్రమాలు వేకువ ప్రార్థనతో మొదలై, ఎండ ఎక్కేసరికి ఆగి, సాయంత్రం మళ్లీ సాగి అర్ధరాత్రి దాకా నడవడానికి భక్తి ఎంత కారణమో ఎండ కూడా అంతే కారణం.

విశ్రాంతి కోసం ఊరు విడిచి వెళ్లడం అనే భావనకు క్రైస్తవులు ఆధారంగా చూపే ఘట్టం మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. ఊరూరా తిరిగి వచ్చిన శిష్యులకు జనసమ్మర్దం వల్ల భోజనం చేసే తీరిక కూడా లేకపోవడం చూసి, యేసు వారిని ఏకాంతమైన అరణ్య ప్రదేశానికి వెళ్లి కొంతసేపు అలసట తీర్చుకుందామని పిలుస్తాడు. అందరూ దోనె ఎక్కి బయలుదేరుతారు. ఉపన్యాసాల్లో ఈ కథ తరచు ఇక్కడితోనే ఆగిపోతుంది గాని, సువార్తలో ఆగదు. వారు వెళ్తున్న సంగతి పసిగట్టిన జనం కాలినడకన ముందే అక్కడికి చేరుకుంటారు, ఏకాంతం భగ్నమవుతుంది, పొద్దుపోయేదాకా బోధ సాగుతుంది, చివరకు ఆ జనాన్నంతటినీ పచ్చగడ్డి మీద పంక్తులుగా కూర్చోబెట్టి రొట్టెలూ చేపలూ పంచిపెట్టడంతో ఆ రోజు ముగుస్తుంది. ఏకాంతంగా మొదలైన ప్రయాణం సామూహిక భోజనంగా మారిన ఈ కథ, తెలంగాణ పల్లెల్లో పంక్తి భోజనం ఎరిగిన పాఠకుడికి వింతగా తోచదు.

పాత నిబంధనలో దీనికంటే పురాతనమైన ఆధారం లేవీయకాండం ఇరవైమూడో అధ్యాయంలో కనిపిస్తుంది. పంట కూర్చుకున్న తర్వాత ఇశ్రాయేలీయులు ఇళ్లు విడిచి, చెట్ల కొమ్మలతో కట్టిన గుడిసెల్లో ఏడు రోజులు ఉండి సంతోషించాలని, తమ పూర్వికులు ఎడారిలో గుడిసెల్లో బతికిన సంగతి పిల్లలకు అలా తెలియజేయాలని అక్కడ విధించారు. హీబ్రూలో సుక్కోత్ అనే ఈ పండుగకు తెలుగు బైబిలు అనువాదకులు 'పర్ణశాలల పండుగ' అని పేరు పెట్టారు. పర్ణశాల అనగానే తెలుగువారికి భద్రాచలం దగ్గరి గోదావరి ఒడ్డు, అరణ్యవాసంలో సీతారాములు కట్టుకున్న ఆకుల ఇల్లు మెదులుతాయి. ఎడారి గుడిసెకు గోదావరి అడవి రూపాన్ని కల్పించిన ఈ అనువాదం, అనుకోకుండానే అయినా, పొరుగునే ఉన్న పాఠకులకు ఆ పండుగను ఎంతో దగ్గర చేసింది. మామిడి కొమ్మలు, నేరేడు కొమ్మలు కప్పిన చలువపందిరి వేసి దాని కింద మూడు రోజులు గడపడం ఎలాంటిదో వివరించవలసిన అవసరం కరీంనగర్ రైతుకు లేదు.

మిషనరీలు మాత్రం తమ వేసవిని వేరే విధంగా గడిపేవారు. కొడైకెనాల్ వేసవి పట్టణంగా మొదలైనదే 1845లో మదురై అమెరికన్ మిషన్ వారు అక్కడ బంగళాలు కట్టుకోవడంతో. మైదానపు జ్వరాలకు, కలరాకు సహచరులను, పిల్లలను పోగొట్టుకున్న ఆ కుటుంబాలకు అది విలాసం కాదు, ప్రాణరక్షణ. 1901లో మిషనరీల పిల్లల కోసం అక్కడ పాఠశాల ఏర్పడింది; తల్లిదండ్రులు సెలవులకు కొండెక్కడం, బోధకుల సమావేశాలు అక్కడే జరగడం దక్షిణ భారతంలోని పలు మిషన్లకు అలవాటయింది. అయితే వారితో కలిసి పనిచేసిన తెలుగు బోధకులు, ఉపదేశకులు, బడిపంతుళ్లు, బైబిలు స్త్రీలు (ఇంటింటికీ వెళ్లి స్త్రీలకు వాక్యం చదివి వినిపించే ఉద్యోగినులకు ఆ పేరు) ఆ ఎండల్లోనే ఊళ్లలో మిగిలిపోయారు. కొండ ఎక్కలేనివారి విశ్రాంతి ఎలా ఉండాలన్న ప్రశ్నకు మిషన్ దస్తావేజుల్లో సమాధానం వెతకడం కంటే, ఆ కుటుంబాలు తమ చుట్టూ చూసిన జాతరల్లో వెతకడం మేలు.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర అందుకు మంచి ఉదాహరణ. మెస్రం వంశానికి చెందిన గోండు కుటుంబాలు జన్నారం దగ్గర గోదావరిలోని హస్తినమడుగు నుంచి కాలినడకన జలం తెచ్చి, గుడి దగ్గరి మర్రిచెట్ల నీడలో విడిది చేసి, వంశానికంతటికీ ఏర్పరచిన 22 పొయ్యిల మీద వంతులవారీగా వండుకుంటాయి. దేవుడెవరైనా, కుటుంబం ఇల్లు విడిచి చెట్టుకిందికి వచ్చి, చుట్టాలను కలుసుకొని, పెళ్లి సంబంధాలు మాట్లాడుకొని, పొయ్యి పంచుకొని తిరిగి వెళ్లే పద్ధతి ఈ నేలలో ఎప్పటినుంచో ఉంది. మతం మారిన కుటుంబాలు మొక్కులను వదిలాయి గాని బండి కట్టడాన్ని వదలలేదు. వదలవలసిన అవసరం కూడా లేదు.

క్రైస్తవ లోకంలో కూడా ఆరుబయటి కూటాలకు దీర్ఘ చరిత్ర ఉంది. మెథడిజమే ఒక విధంగా ఆరుబయట పుట్టింది: 1739 ఫిబ్రవరిలో జార్జి వైట్‌ఫీల్డ్ బ్రిస్టల్ సమీపంలోని కింగ్స్‌వుడ్ బొగ్గుగని కార్మికులకు బయలులో నిలబడి ప్రసంగించగా, గుడి బయట ప్రసంగించడం మర్యాద కాదని సంకోచించిన జాన్ వెస్లీ అదే ఏడాది ఏప్రిల్ 2న ఆ సంకోచాన్ని విడిచి అదే బాట పట్టాడు. ఆ వెస్లీ పేరు మోసే సంఘాలు తర్వాతి కాలంలో సింగరేణి బొగ్గుబావుల ఇరుగుపొరుగున వెలియడం చరిత్రలోని చిన్న చమత్కారం. అమెరికాలో 1801 ఆగస్టులో కెంటకీలోని కేన్ రిడ్జ్ వద్ద వేలమంది రైతులు బండ్లలో కుటుంబాలతో వచ్చి రోజుల తరబడి మకాం వేసిన కూటం 'క్యాంపు మీటింగు' అనే పద్ధతికి పేరు తెచ్చింది. 1874లో మెథడిస్టు బోధకుడు జాన్ విన్సెంట్, వ్యాపారి లూయిస్ మిల్లర్ న్యూయార్కు రాష్ట్రంలోని షటాక్వా సరస్సు ఒడ్డున ఆదివారపు బడి ఉపాధ్యాయుల శిక్షణ కోసం పెట్టిన వేసవి శిబిరం, క్రమంగా కుటుంబాలు చదువూ సంగీతమూ భక్తీ కలిపి సెలవులు గడిపే చోటుగా ఎదిగింది. మన దేశంలో కేరళలోని పంపానది ఇసుకతిన్నెల మీద 1895 నుంచి ఏటా జరుగుతున్న మారామణ్ కూటం దీనికి సాటి. అది ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలో జరుగుతుంది.

తెలుగునాట ఆరుబయటి ప్రార్థనకు గుర్తుగా నిలిచిన చోటు ఒంగోలు కొండ. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఆ కొండెక్కి ప్రార్థించడం వల్ల దానికి ప్రార్థన కొండ అన్న పేరు స్థిరపడింది. అయితే కుటుంబాలు మూటాముల్లెతో తరలివచ్చి రోజుల తరబడి కలిసి ఉండే పద్ధతిని తెలుగు ప్రాంతాల్లో విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చినవారిలో పంజాబుకు చెందిన భక్తసింగ్ ముఖ్యుడు. 1941లో మద్రాసులో మొదలైన ఆయన కూటాలు, హైదరాబాదులోని హెబ్రోను ప్రార్థన మందిరం కేంద్రమైన తర్వాత తెలంగాణ పల్లెలకు చేరువయ్యాయి. లేవీయకాండంలోని పండుగ సమాజాలే వాటికి నమూనా. పందిళ్ల కింద చాపలు పరచుకొని అందరూ నేలమీదే కూర్చోవడం, కులం, ఉద్యోగం చూడకుండా ఒకే పంక్తిలో 'ప్రేమవిందు' అనే సామూహిక భోజనం చేయడం వాటి ప్రత్యేకత. అంటరానితనం బలంగా ఉన్న కాలంలో ఒకే పంక్తిలో కూర్చోవడం ఏ ప్రసంగానికీ తీసిపోని బోధ.

ఉత్తర తెలంగాణలో నేడు 'కూటాలు', 'ఉజ్జీవ సభలు', 'కుటుంబ శిబిరం', కతోలికుల వాడుకలో 'ధ్యానం' అని రకరకాల పేర్లతో జరిగే వేసవి సమావేశాలు ఈ అచ్చులోనే పోతపోసినట్టు ఉంటాయి. ఉజ్జీవం అంటే చల్లారిన భక్తిని తిరిగి రగిలించడం. యాసంగి పంట, అంటే రబీ వరి, కల్లాల నుంచి ఇల్లు చేరాక, మృగశిర కార్తె వచ్చి దుక్కులు మొదలయ్యేలోగా రైతు కుటుంబానికి దొరికే వ్యవధి వీటికి అనువైన కాలం. పెళ్లిళ్ల ముహూర్తాలు కూడా ఆ రోజుల్లోనే పడతాయి గనుక రెండింటికీ పోటీ తప్పదు. మిషన్ బడి ఆవరణలోని వేపచెట్ల కిందనో, ఒక విశ్వాసి మామిడితోటలోనో గుంజలు పాతి, పైన కొమ్మలు లేదా షామియానా వేసి, ఒక పక్క నీటి ట్యాంకరు నిలిపితే విడిది సిద్ధమైనట్టే. చాపలు, దుప్పట్లు, చెంబులు, బైబిలు, పాటల పుస్తకం ఇంటినుంచే వస్తాయి. పిల్లలు చీకటి పడ్డాక జనరేటరు చుట్టూ చేరుతారు. ముసలివారు గుంజకు ఆనుకొని కూర్చొని ఎవరి కూతురు ఏ ఊరికి కోడలైందో విచారిస్తారు.

ఈ మొత్తం ఏర్పాటులో అన్నింటికంటే ముఖ్యమైనది గాడిపొయ్యి. నేలలో పొడవాటి గాడి తవ్వి, దానిమీద వరసగా పెద్ద గిన్నెలు ఎక్కించి కట్టెలతో మండించే ఈ పొయ్యి దగ్గర వంట సాధారణంగా మగవారిది. సంఘంలోని యువకులో, కూలికి పిలిపించిన వంటవారో బగార అన్నం, పప్పుచారు, ఒక పూట మాంసం, ఎండకు సల్ల (మజ్జిగకు తెలంగాణ పేరు) సిద్ధం చేస్తారు. దానివల్ల తెల్లవారకముందే లేచి రాత్రి అందరూ పడుకున్నాక నడుం వాల్చే గృహిణికి ఏడాది మొత్తంలో మూడు రోజులు పొయ్యి ముట్టించే పని తప్పుతుంది. కొండల అందం, జలపాతపు తుంపర ఇవ్వని విశ్రాంతిని ఈ గాడిపొయ్యి ఇస్తుంది. నాలుగో ఆజ్ఞలో విశ్రాంతి దినాన్ని యజమానికే కాక దాసదాసీలకు, పశువులకు, ఊళ్లో ఉన్న పరదేశికి కూడా ఇవ్వాలని ప్రత్యేకంగా పేర్కొనడాన్ని బోధకులు పందిట్లో వివరిస్తూ ఉంటారు. ఆ మాటకు అర్థం వేదిక మీద కంటే వెనుక పొయ్యి దగ్గరే స్పష్టంగా కనిపిస్తుంది. స్త్రీలను వడ్డనకు, గిన్నెలు తోమడానికి పంపి మగవారు ప్రసంగం వినే కూటాలు కూడా లేకపోలేదు. అవి మరేదైనా కావచ్చు గాని కుటుంబ విడిది అనిపించుకోవు.

పిల్లల వేసవి వేరే దారిలో నడుస్తుంది. ఏప్రిల్ చివరి వారంలో బడులు మూసిన కొద్దిరోజులకే సంఘాల్లో వీబీఎస్ మొదలవుతుంది. సెలవుల బైబిలు బడి అనే అర్థమిచ్చే ఆంగ్లపదాల పొడి అక్షరాలే పల్లెల్లో కూడా దాని పేరు. 1898లో న్యూయార్కు నగరపు పేదవాడలో వీధుల్లో తిరిగే పిల్లల కోసం ఒక మహిళ బీరు అమ్మే హాలును పగటిపూట అద్దెకు తీసుకొని నడిపిన బడి ఈ ఉద్యమానికి తొలిరూపాల్లో ఒకటి. అంతకు ముందే, 1868 వేసవిలో, వేల్స్‌లోని లాండుడ్నో సముద్రతీరంలో జోసయ్య స్పయర్స్ అనే యువకుడు సెలవులకు వచ్చిన పిల్లలను పోగుచేసి, ఇసుకమీద ఒక వాక్యం గీసి, దాన్ని గవ్వలతో, గులకరాళ్లతో అలంకరించమన్నాడు. స్క్రిప్చర్ యూనియన్ అనే సంస్థ చరిత్రలో ఆ ఇసుకరాతకు గౌరవస్థానం ఉంది. కరీంనగర్ వాడల్లో ఉదయం ఎనిమిది దాటకముందే మొదలయ్యే వీబీఎస్‌లో అభినయ గీతాలు, కంఠస్థ వాక్యాలు, రంగుకాగితాల పనులు, చివరిరోజు జెండాలు పట్టుకొని వీధుల్లో ఊరేగింపు ఉంటాయి. వాడలోని ఇతర మతాల పిల్లలు కూడా ఆటకోసం, పాటకోసం, బిస్కెట్ల కోసం వచ్చి కూర్చోవడం మామూలే.

వేసవి అడవిని విహారస్థలంగా చూడటం అందరికీ సాధ్యం కాదన్న సంగతిని ఇలాంటి వ్యాసాలు సాధారణంగా మరిచిపోతాయి. ఆదిలాబాద్ అడవి అంచు గ్రామాల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో కుటుంబం మొత్తం చీకటితోనే అడవికి వెళ్లేది రాత్రి రాలిన ఇప్పపువ్వు ఏరడానికి. ఆ తర్వాత మే దాకా తునికాకు కోయడానికి. తునికాకు అంటే బీడీ చుట్టే ఆకు. ఒక్కో కట్టకు 50 ఆకుల చొప్పున పేర్చి, సాయంత్రానికి కల్లం అనే కొనుగోలు కేంద్రానికి చేరుస్తారు. అదే ఆకు గోదావరి దాటి జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ ఇళ్లకు చేరి, బీడీలు చుట్టే స్త్రీల ఒళ్లోని చాటలో తేలుతుంది. క్రైస్తవులైనా, కాకపోయినా ఈ కుటుంబాలకు ఆరుబయట గడిపిన వేసవి అంటే కూలి గిట్టిన వేసవి. ఆకు కోత నడుస్తున్న వారాల్లో పగటికూటం పెట్టినా కూర్చునేవారు ఉండరు. ఆకు అప్పగించి, స్నానాలు చేసి, తిని వచ్చేవారి కోసం రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టే కూటమే నిలుస్తుంది, ఆ రాత్రికూటంలో తల్లుల ఒళ్లలో నిద్రపోయే పిల్లలే ఎక్కువ.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ గని కాలనీల్లో లెక్క వేరు. మూడు షిఫ్టుల్లో నడిచే పనివల్ల కుటుంబమంతా ఒకేసారి ఇంట్లో ఉండటమే అరుదు. భూమికింద చీకట్లో, ఉక్కలో ఎనిమిది గంటలు గడిపిన మనిషికి ఆరుబయలే పెద్ద విలాసం. సింగరేణి కార్మికులకు సెలవు ప్రయాణ రాయితీ ఉంది గనుక దూరయాత్రలు వీరికే ఎక్కువ సాధ్యం. కతోలిక కుటుంబాలు తమిళనాడులోని వేలాంకణ్ణికి, ఇతరులు కన్యాకుమారికో, ఊటీకో బయలుదేరుతారు. జగిత్యాల, నిర్మల్ వైపు మరో వర్గముంది. ఆ ఇళ్లలో వేసవి ఎప్పుడు వస్తుందో పంచాంగం కాక, గల్ఫ్‌లోని కంపెనీ మంజూరుచేసే సెలవు నిర్ణయిస్తుంది. వారపు సెలవునుబట్టి శుక్రవారంనాడు తెలుగు ఆరాధనకు వెళ్లడం అలవాటైన తండ్రి రెండేళ్లకో మూడేళ్లకో వచ్చినప్పుడు, కుటుంబం కృతజ్ఞత కూటం పెట్టి బంధువులందరికీ భోజనం పెడుతుంది. ఆ తర్వాతే ఏదైనా ప్రయాణం.

ఇటీవలి కాలంలో ఒక్కో కుటుంబం వేరుగా కారు మాట్లాడుకొని వెళ్లే విహారాలు పెరిగాయి. ఆదివారం ఆరాధన ముగిశాక మధ్యాహ్నం నిద్రపోయి లేచి, దిగువ మానేరు డ్యాము కట్ట మీదికి చల్లగాలికి వెళ్లడం కరీంనగర్ క్రైస్తవులకు పట్టణంలోని అందరితో పాటు ఉన్న అలవాటే. కడెం జలాశయం, పొచ్చెర, కుంటాల జలపాతాలు, 2012లో పెద్దపులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి, దాని అంచున ఉన్న జన్నారం విడిది గృహాలు సెలవుల్లో కుటుంబాలను ఆకర్షిస్తాయి. కవ్వాల్ అభయారణ్యంలో ఒక్క కీలక ప్రాంతమే 892 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. ఎండుటాకు దట్టంగా పరచుకున్న ఆ నేలమీద వంటకోసం పొయ్యి వెలిగించడం చట్టరీత్యా నేరం మాత్రమే కాదు, ఒక్క నిప్పురవ్వతో కొండంత అడవిని తగలబెట్టడం కూడా. నీరు సన్నగా ఉందని కుంటాల బండలమీద దిగేవారు పాచి జారి మడుగుల్లో పడటం పదేపదే జరుగుతున్న విషాదం. ఇక మెదక్ మహాదేవాలయం ఎండాకాలంలో కూడా కుటుంబాలు దర్శించే చోటు. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో, కరువు రోజుల్లో పనికి తిండి పద్ధతిమీద వందలమందికి ఉపాధి కల్పిస్తూ నిర్మించిన ఆ దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకొని, 2024లో నూరేళ్లు పూర్తిచేసుకుంది. దాని విశాలమైన ఆవరణలో చెట్లకింద టిఫిన్లు విప్పి కూర్చునే కుటుంబాలను చూస్తే, గోపురం ఎంత ఎత్తుగా కట్టినా మనుషులు వెతుక్కునేది నీడనేనని అనిపిస్తుంది.

విడిగా వెళ్లే విహారాన్ని భక్తిహీనతగా చూసే బోధకులున్నారు; ఆ దృష్టి సరైనది కాదు. భార్యాభర్తలు, పిల్లలు ఎవరి కంటా పడకుండా ఒక పూట కలిసి కూర్చోవడం కూటంలో దొరకదు. అక్కడ మగవారు ఒక వైపు, స్త్రీలు ఒక వైపు, పిల్లలు వేరే పందిట్లో ఉంటారు. కుటుంబ శిబిరమని పేరుపెట్టి కుటుంబాన్ని మూడు ముక్కలు చేయడం జరుగుతూనే ఉంది. పైగా కూటాల్లో మైకు ఆగదు. మార్కు సువార్త చెప్పిన ఏకాంతంలో దోనె సాగినంతసేపైనా నిశ్శబ్దం ఉండి ఉంటుంది; వేకువన నాలుగింటికి మొదలై అర్ధరాత్రి దాకా లౌడ్‌స్పీకర్లు మోగే కూటాల్లో ఆ కాస్త కూడా మిగలదు, పక్క ఇళ్లవారికీ మిగలదు. ఇరవై కుటుంబాలు మించకుండా, రెండు పూటలే బోధ పెట్టి, మిగతా సమయం చెట్లకింద మాటలకు, పిల్లల ఆటకు, వృద్ధుల కథలకు విడిచిపెట్టే చిన్న శిబిరాల్లో ఈ రెండు లోపాలూ తగ్గుతాయి. అలాంటి చిన్న శిబిరానికి కూడా ఒక గాడిపొయ్యి, పొయ్యి దగ్గర నిలబడే ఇద్దరు మగవారు చాలు.

మే చివరకు కొమ్మలపందిరి ఆకు రాలి, పైనుంచి ఎండ చుక్కలు చుక్కలుగా చాపలమీద పడటం మొదలవుతుంది. గుంజలు పీకి, ఎండిన కొమ్మలను పొయ్యిలో కట్టెలుగా వాడి, తవ్విన గాడిని మట్టితో పూడ్చి, అద్దెగిన్నెలు లెక్క చూసి అప్పగిస్తారు. మిర్గం, అంటే మృగశిర కార్తె, దగ్గరపడి మబ్బు కనిపించగానే రైతులు విత్తనాలకు, గని కార్మికులు షిఫ్టులకు, గల్ఫ్ తండ్రులు విమానానికి తరలిపోతారు. జూన్ రెండో వారంలో బడులు తెరిచేనాటికి పందిరి నిలిచిన చోట నల్లబడిన ఒక పొడవాటి మట్టిచార మిగిలి, మొదటి వానకు అదీ కలిసిపోతుంది.